నాను సూత్తన్నాను

మా మేనత్త పోయిందని ఫోను వచ్చేసరికి మద్దిలపాలెం డిపో ఎదురుగా బస్సు కోసం నిలబడి ఉన్నాను. చేసింది ఆవిడ కొడుకు, మా బావ. "అమ్మ పోయింది బావ" అన్నాడు. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది. పొద్దున్నే టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కుర్చీలోనే ఒరిగిపోయిందట. ఎదురుగా టీవీ నడుస్తూనే ఉందట. అందులో ఏదో బొమ్మల కథ వస్తోందట.

కంచరపాలెంలో ఆ ఇంటికి వెళ్ళేసరికి వీధి వీధంతా వచ్చి ఉంది. మంచి మనిషన్నారు, ఎంతమందికి చదువు చెప్పిందో అన్నారు. అంతవరకు బాగానే ఉంది. ఇంతలో ఒక పెద్దాయన, "పాపం, ఆకర్లో చిన్నపిల్లయిపోయింది. పొద్దస్తమానం ఆ బొమ్మలే" అన్నాడు. పక్కవాళ్ళు జాలిగా తలలూపారు. చావింట్లో గొడవెందుకని నోరు మూసుకున్నాను గానీ, ఆ మాటని అక్కడితో వదిలేయడానికి మనసొప్పలేదు. ఇదంతా అందుకే రాస్తున్నాను. మా అత్త చిన్నపిల్ల అయిపోలేదు. పిల్లల కోసమని పెద్దవాళ్ళు తయారుచేసి పంపే కథల్ని, పెద్దమనిషిలా ఎదురుగా కూర్చుని చూసింది. చూసి నోరు విప్పింది. మా ఊళ్ళో ఆ పని ఇంకెవరు చేశారో నాకు తెలీదు.

అత్త తెలుగు టీచరు. రిటైరయ్యాక ముందు గదిలో వీధి పిల్లలకి ట్యూషన్ పెట్టింది. సాయంత్రం బొమ్మల ప్రోగ్రాం వదిలి రామని పిల్లలు మొండికేశారు. ఇంకో టీచరైతే వాళ్ళ అమ్మానాన్నలకి చెప్పి టీవీ ఆపించేసేది. అత్త మాత్రం, "అలగైతే ఇక్కడే సూడండి. నానూ సూత్తాను" అంది. ఒక ఎపిసోడ్ అయ్యాకే పుస్తకాలు తీయాలి. కాకపోతే ఆ ఎపిసోడ్ మీద ఆవిడ అడిగినదానికి అందరూ జవాబు చెప్పాలి.

ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ వాళ్ళింటికి వెళ్ళాను. అడవిలో సింహం పుట్టినరోజట. ఏనుగులు కట్టెలు మోశాయి, చీమలు బియ్యం తెచ్చాయి, నక్క దగ్గరుండి వంట చేయించింది. అందరూ తిని, పాట పాడి, దణ్ణం పెట్టుకుని పడుకున్నారు. అక్కడికి కథ అయిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అత్త కూడా కొట్టింది. కొట్టి, కళ్ళజోడు సవరించుకుని, "బాగుంది. మరి గిన్నెలు ఎవులు తోమేరు?" అంది.

పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "అంత మంది తిన్నారు కదా. పొద్దున్న లేసేసరికి గిన్నెలు తళతళలాడతన్నాయి. ఎవులు తోమేరో సెప్పండి" అంది మళ్ళీ. చివర కూర్చున్న ఒక అమ్మాయి చాలాసేపు ఆలోచించి, "ఎలకలు తోమీసుంటాయి టీచర్. మనకి సూపించనేదు" అంది. వాళ్ళమ్మ నాలుగిళ్ళలో పనిచేస్తుంది. అత్త ఆ పిల్లని దగ్గరికి పిలిచి తల నిమిరింది. తర్వాత పుస్తకాలు తీయించింది.

ఆ ప్రశ్న తర్వాత మా ఇంట్లో ఊతపదమైపోయింది. పెళ్ళిళ్ళకి వెళ్ళినా, మీటింగులకి వెళ్ళినా, స్టేజీ మీద ఎవరైనా అరగంట పైన మాట్లాడితే మా బావ నా చెవి దగ్గర వంగి, "గిన్నెలు ఎవులు తోమేరు బావ?" అనేవాడు.

కొన్నాళ్ళకి అత్త ఆ మాటలన్నీ ఫోనులో రికార్డు చేసి యూట్యూబులో పెట్టడం మొదలుపెట్టింది. కందిపప్పు డబ్బాకి ఫోను ఆనించి, ఎదురుగా పీట మీద కూర్చుని, చేతిలో గోరుచిక్కుళ్ళో తోటకూరో పెట్టుకుని మాట్లాడేది. ఇంటి వెనకే రైలు పట్టాలు. గూడ్సు బండి వస్తే ఏమీ వినపడదు. అందుకని బండి చప్పుడు మొదలవగానే మాట ఆపి, చూపుడు వేలు పైకెత్తి, ఉండండి అన్నట్టు అలా కూర్చునేది. గూడ్సంటే తెలుసు కదా, ఎన్ని పెట్టెలని. అది వెళ్ళేదాకా వేలు దించేది కాదు. వెళ్ళాక, ఆపిన మాట దగ్గరే అందుకునేది. ఆ ముక్క కత్తిరించమని చెబితే, "ఎందుకు? రైలు ఎల్లేటప్పుడు మనం ఆగమేటి రోజూ? ఆలూ ఆగుతారు" అనేది. చూసేవాళ్ళు నిజంగానే ఆగేవారు.

ప్రతి వీడియో ఒకే మాటతో ముగిసేది. ఫోను దగ్గరగా మొహం పెట్టి, ఆ బొమ్మలు తీసినవాళ్ళతో చెప్పేది. "మా గుంటలకి మీరు ఏటి సూపిత్తన్నారో నాను సూత్తన్నాను." గుంటలంటే మా వైపు పిల్లలు.

ఆవిడది ఉత్త కోపమని అనుకోకండి. బొమ్మలంటే ప్రాణం. కోతి అరటితొక్క మీద జారితే కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వేది. బాగా గీసిన వాన కనిపిస్తే వెనక్కి తిప్పి మళ్ళీ చూపించేది. అయితే నవ్వుతూనే అడిగేది. ఒక కథలో చీమలన్నీ కలిసి పెద్ద గాదె కట్టాయి. సింహం దాన్ని తీసుకెళ్ళి నక్క చేతిలో పెట్టి, ఇకనుంచి ఇది చూసుకునేది నక్కే అంది. చీమలు చప్పట్లు కొట్టాయి. "కట్టినోలని ఒక మాట అడగనేదేటి? అడక్కుండా ఇచ్చీసినా సప్పట్లు కొట్టాలని మా పిల్లలకి నేర్పుతారా?" అని నిలదీసింది. ఆ వీధిలో సగం మంది, అమ్మేస్తారంటున్న ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులకి వెళ్ళేవాళ్ళు. మా బావా అంతే. ఆ వీడియో షిఫ్టు బస్సుల్లో ఎన్ని ఫోన్లు మారిందో చెప్పలేను.

నేను వాదించేవాణ్ణి. నాది ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. ఉన్నదానికంటే ఎక్కువ చదవడం నాకు నచ్చదు. "అత్తా, అది బొమ్మ. అందులో అంత రాజకీయం ఎక్కడుంది?" అంటే, "బొమ్మే. గీసినోడు మనిసి కదా" అనేది.

తప్పులో కాలెయ్యకపోలేదు. చెడ్డవాళ్ళుండే రాజ్యానికి ఎప్పుడూ ఒకటే పాచి రంగు వేస్తున్నారని, ఇది కావాలని చేస్తున్నదని కొన్ని వారాల పాటు ఏకిపారేసింది. చివరికి బావ చూస్తే టీవీ పాడైంది. మంచివాళ్ళ రాజ్యానిదీ అదే రంగు. మేమిద్దరం పడీపడీ నవ్వాం. ఆవిడ ఏమాత్రం తగ్గకుండా మర్నాడే కూర్చుని, "రంగు గురించి సెప్పింది తప్పు. టీవీ పోయింది. మిగతాదంతా అలగే ఉంది, దాన్లో మార్పు నేదు" అని చెప్పి గోరుచిక్కుళ్ళు వలుచుకుంది.

ఇక కాకి సంగతి. వేరే భాషలో తీసి తెలుగులోకి మార్చిన బొమ్మల సీరియల్ ఒకటి వచ్చేది. అందులో యువరాజు, గుడ్లగూబ పంతులు, దేవత అందరూ పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడతారు. రొట్టె దొంగిలించే కాకి మాత్రం "నాను తీయనేదు బాబూ, నాకేటి తెలుసు" అంటుంది. అది నోరు తెరిస్తే చాలు, వెనకనుంచి నవ్వులు వేసేవారు. ఆ వీధి పిల్లలూ నవ్వారు. తమ ఇంట్లో అమ్మమ్మ మాట్లాడే మాటకి తామే నవ్వుతున్నామని వాళ్ళకి తెలీలేదు. ఆ తర్వాత ఒకరోజు, గిన్నెల ప్రశ్నకి జవాబు చెప్పిన అమ్మాయి బళ్ళో లేచి, "నాను సెప్తాను మేడమ్" అందట. క్లాసంతా "కా కా" అని అరిచిందట. ఆ రోజు నుంచి ఆ పిల్ల బళ్ళో నోరు విప్పడం మానేసింది. ట్యూషన్లో కూడా తల దించుకుని కూర్చునేది.

అత్తకి నిజంగా కోపం రావడం నేను చూసింది అప్పుడే. మాకు చిన్నప్పటినుంచీ, "పరీచ్చ కాయితం మీద నేను అని రాయి. ఇంటికాడ నాను అను. దేనికీ సిగ్గుపడక్కర్నేదు" అని చెప్పిన మనిషి. ఆ వీడియోలో ఆవిడ చేతిలో కూరగాయలు లేవు. "దొంగకి మా మాట ఇచ్చారు. ఇవ్వండి, మాలోనూ దొంగలున్నారు. రాజుకెందుకు ఇవ్వనేదు? ఆ పంతులికెందుకు ఇవ్వనేదు? మా మాటకి తెలివుండదా? ఒక గుంట నోరు మూసీసేరు మీరు. నాను సూత్తన్నాను" అంది. అన్నాక ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఎపిసోడ్ గురించి చెప్పమంది. పిల్ల మొదట గొణిగింది. తర్వాత గూడ్సు వచ్చింది. ఇద్దరూ వేళ్ళు పైకెత్తి కూర్చున్నారు. బండి వెళ్ళాక ఆ పిల్ల గట్టిగా చెప్పింది.

ఆ వీడియో కింద వచ్చిన రాతలు చూడాలి. టీచరై ఉండి తెలుగు రాదా అని ఒకరు, ముసల్దానికి పనిలేదని ఒకరు. అవన్నీ టీ తాగుతూ పైకి చదివించుకుని, "ఈడు నాకు తెలుగు రాదనడానికి రెండు తప్పులు రాసేడు సూడు" అని నాకు చూపించేది. కేబుల్ టీవీ వాళ్ళొకాయన ఇంటికొచ్చి, వారానికో ప్రోగ్రాం ఇస్తామన్నాడు. పాయింట్లు చాలా బాగున్నాయి మేడమ్, భాష ఒక్కటీ కొంచెం చూసుకోవాలి అన్నాడు. ఆవిడ ఇంకో కప్పు టీ పోసి, "కాకి మాటాడితే మీకు బాగుంటాది, నాను మాటాడితే బాగోదేటి బాబూ?" అని అడిగింది. ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు. టీవీలో కనిపించాలని ఆవిడకి ఎంత ఉండేదో నాకు తెలుసు. అయినా వదులుకుంది.

అలాంటి మనిషికి ఫ్లెక్సీ వేయించాల్సి వచ్చింది. మా వైపు ఎవరైనా పోతే, పెద్దకర్మ నాటికి వీధి మొదట్లో ఫొటోతో ఫ్లెక్సీ కట్టడం మామూలే. బావ ఎంత వెతికినా ఇంట్లో మంచి ఫొటో దొరకలేదు. చివరికి వీడియోలోంచే ఒక బొమ్మ తీశాం. వేలు పైకెత్తి, గూడ్సు వెళ్ళేదాకా ఆగిన బొమ్మ. కింద ఏం రాయాలో నన్ను చెప్పమన్నాడు. అశ్రునివాళి వద్దన్నాను. నాను సూత్తన్నాను అని వేద్దామన్నాను.

బావ కంగారుపడ్డాడు. "జనం ఏటనుకుంటారు బావ? సచ్చిపోయిన మనిసి సూత్తన్నాను అంటే గుంటలు జడుసుకుంటారు."

"జడుసుకోవాల్సినోలు గుంటలు కాదు బావ" అన్నాను.

ఆవిడ పోయాక వాడు నవ్వడం అదే మొదటిసారి. అదే మాట ఫ్లెక్సీ షాపుకి వాట్సాప్‌లో పంపాం. పెద్దకర్మ రోజు పొద్దున్న షాపతనే బండి మీద తెచ్చి, పట్టాల పక్క గోడకి కట్టాడు. కింద పెద్ద అక్షరాలతో "నేను చూస్తున్నాను" అని ఉంది.

నా ఒళ్ళు మండిపోయింది. ఏమిటిదని అడిగాను. అతను పాపం గర్వంగానే చెప్పాడు. "మీరు పంపిన దాన్లో తప్పులున్నాయి అన్నా. పెద్దావిడ ఫ్లెక్సీ కదా, తప్పులతో పోకూడదని నానే దిద్దీసేను."

"నువ్విప్పుడు ఏటన్నావ్?" అన్నాను.

"నానే దిద్దీసేను అన్నాను." తన మాట తనకే వినపడినట్టుంది. "నోటితో అంటాం అన్నా. గోడ మీద రాత్తామేటి?" అన్నాడు నెమ్మదిగా.

తప్పులు దిద్దడం నా వృత్తి. చాలా ఏళ్ళుగా అదే పని చేసి బతుకుతున్నాను. అందుకే అందరికీ చెబుతున్నాను, అది తప్పు కాదు. మా అత్త మాట అది. దానికి సిగ్గుపడక్కర్లేదని ఆవిడ బతికినన్నాళ్ళూ చెప్పింది. బంధువులంతా భోజనాలకి వచ్చేస్తున్నారు, పోనిద్దూ అన్నారు కొందరు. నేను కదలనన్నాను. ఈసారి బావ నా పక్కన నిలబడ్డాడు. "అమ్మ మాట అమ్మకుండాలి. ప్రింటు కొట్టీ మళ్ళీ" అన్నాడు షాపతనితో.

అతను వెళ్ళి, ఒక చీలిక మీద ఆ మాట ప్రింటు చేసి తెచ్చాడు. బల్ల ఎక్కి, పాత అక్షరాల మీద జిగురు రాసి అంటించాడు. అరచేత్తో గట్టిగా అదిమి, కిందికి దిగి, వెనక్కి జరిగి, పైకే చదివాడు. "నాను సూత్తన్నాను."

ఎవరూ నవ్వలేదు. బావ అతన్ని భోజనానికి ఉండమంటూ ఉండగా గూడ్సు వచ్చింది. ఆ గాలికి ఫ్లెక్సీ ఉబ్బి, కొత్తగా అంటించిన చీలిక ఒక చివర లేచి, మళ్ళీ వచ్చి అతుక్కుంది. బావ చెప్పబోయిన మాట ఆపేశాడు. వీధిలో వాళ్ళందరూ ఎక్కడి మాటలు అక్కడ ఆపేశారు. పెట్టె వెనక పెట్టె వెళ్తూనే ఉంది. పైన అత్త వేలెత్తి కూర్చుంది. బండి వెళ్ళిపోయి, పట్టాల చప్పుడు కూడా ఆగిపోయాక, ఆవిడ ఆపిన దగ్గర అందుకుంటుందేమోనని అందరం అటే చూస్తూ నిలబడ్డాం.