కింది ముక్కు పొడుగు

ఆ పిట్టకి కింది ముక్కు పొడుగు, పై ముక్కు పొట్టి. నారింజ రంగు ముక్కు, నల్లటి రెక్కలు, తెల్లటి పొట్ట. నీటి మీద వాలదు. కింది ముక్కుని నీళ్ళలో ముంచి, గీత గీసుకుంటూ ఎగురుతూనే చేపని పట్టేస్తుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో స్కిమ్మర్ అని రాస్తారు. మా వైపు దీనికి పేరుందో లేదో నాకు తెలియదు, అంత అరుదు. పుస్తకంలో బొమ్మ చూపిస్తే మా ఆవిడ నవ్వింది.

"అలిగిన ఆడపడుచులాగ కింది పెదవి ముందుకెట్టిందేంటండీ?"

నేను పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ని. మురమళ్ళలో చిన్న స్టూడియో ఉంది. సరిగ్గా తాళి కట్టే వేళకి పెళ్ళికొడుకు కళ్ళు మూసేస్తాడు, ఎవరో ఒక మేనమామ అడ్డంగా వచ్చి నిలబడతాడు. అయినా ఆ క్షణం నా కెమెరా నుంచి తప్పిపోలేదని నాకు పొగరు. ఆ పొగరు దెబ్బతిన్నది ఈ పిట్ట దగ్గరే. ఆరేళ్ళ కిందట కార్తీకంలో, గోదావరి పాయ మధ్య ఇసుకతిప్ప మీద ఒకదాన్ని చూశాను. ఫొటో మసగ్గా వచ్చింది. పిట్టలు చూసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడితే, "నీటికాకి కాదు గదా గురువుగారూ" అన్నాడొకాయన. మిగతావాళ్ళు నవ్వు బొమ్మలు పెట్టారు. ఫొటోలు తీసుకుని బతికేవాడికి ఇంతకన్నా తలవంపు ఏముంటుంది? అప్పటి నుంచి ఏటా దీపావళి వెళ్ళగానే, కెమెరా భుజాన వేసుకుని పొద్దున్నే ఏటి ఒడ్డుకి పోవడం అలవాటైంది.

నేను కూర్చునేది మా బావమరిది రొయ్యల చెరువు గట్టు మీద. అక్కడి నుంచి ఏరూ తిప్పా బాగా కనిపిస్తాయి. రెండేళ్ళ కిందట ఆ చెరువుకి తెల్లమచ్చ తెగులు తగిలి పంటంతా పోయింది. జబ్బు రొయ్యని కాకులు ఒక చెరువులోంచి ఎత్తుకొచ్చి ఇంకో చెరువులో జారవిడుస్తాయి, తెగులు అలా పాకుతుంది. కొత్త పంట వేసేటప్పుడు బావమరిది మందు కలిపిన అన్నం ముద్దలు గట్టు మీద పెడతానన్నాడు. నేను అడ్డుపడ్డాను.

"పిట్టల్ని చంపి ఏం బావుకుంటావురా? చెరువు మీద దారాలు కట్టించు. అవి రావు, చావవు."

"ఆయ్, అలాగేనండి బావగారూ. మీరు చెప్పేక ఇంకేంటండి."

దారం కొనడానికి ఇద్దరం అమలాపురం వెళ్ళాం. అతను ఎర్రదారం చేతిలోకి తీసుకున్నాడు. దానికి తళతళలాడే రిబ్బను ముక్కలు కట్టిద్దామన్నాడు. అవేవీ వద్దని, సన్నటి తెల్ల నైలాన్ దారం నేనే ఏరాను. ఇదైతే గట్టిదని చెప్పాను. అతను దాన్ని వెలుతురుకెత్తి చూసి, ఏదో అనబోయి ఊరుకున్నాడు. మా అత్తవారింట్లో అల్లుడి మాటకి ఎదురాడే అలవాటు లేదు. పులుసులో ఉప్పు లేదని నేనంటే వాళ్ళు తమ నాలుకల్నే అనుమానిస్తారు.

మొన్న కార్తీకంలో అవి వచ్చాయి. ఒకటి కాదు, ఏడు. తిప్ప చివర అన్నీ గాలికెదురుగా మొహం పెట్టి కూర్చున్నాయి. కెమెరా కంటికెత్తుకున్నాను. పొద్దు పొడుస్తుంటే ఒకటి లేచింది. ఏటి మీద గీత గీసుకుంటూ వచ్చి, గట్టు దాటి, చెరువు మీదికి దిగి, నేరుగా నా వైపే రాసాగింది. వెలుతురు దాని రెక్క మీద ఉంది. బటన్ నొక్కి పట్టుకున్నాను. ఆరేళ్ళ అవమానం తీరిపోతోందని, దేవుడి తోడు, సంతోషంతో గుండె ఎగిరింది.

పిట్ట గాల్లో ఆగిపోయింది.

ఎగిరే పిట్ట అలా ఆగదని నాకు తెలుసు. తెలిసి కూడా నా వేలు బటన్ మీంచి లేవలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ జరిగింది ఇదే. అది తలకిందులుగా వేలాడి, కుక్కపిల్లలాగ అరవడం మొదలుపెట్టాక గానీ కెమెరా దించలేదు.

మేత షెడ్డులోంచి బావమరిది పరిగెత్తుకొచ్చి, నాకన్నా ముందే నీళ్ళలో దిగాడు. బ్లేడుతో దారం కోసి, పిట్టని తువ్వాలులో చుట్టి తెచ్చాడు. దారం ఎముక దాకా దిగింది. రెక్క విరిగింది. పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన చాలాసేపు చూసి, "గేదెకైతే కట్టు కట్టేద్దునండి. ఇంత సన్నెముక నా చేతుల్లో నిలబడదండి" అన్నారు. ఇంట్లో గంప కింద ఉంచి, మా ఆవిడ తన పాత నేతచీర కప్పింది. చిన్న చిన్న చేపపిల్లల్ని నోటి దగ్గర పెట్టింది. ముక్కు తెరవలేదు. రెండోనాడు పొద్దున్న చూసేసరికి బిగుసుకుపోయి ఉంది. ఆడపడుచు అని నవ్విన మనిషి, పెరట్లో గొయ్యి తవ్వుతుంటే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రం చెరువు దగ్గరికి వెళ్ళాను. బావమరిది పడవలో నిలబడి, దారం పొడుగునా రిబ్బను ముక్కలు కడుతున్నాడు. తిప్ప మీద పిట్టలు లేవు.

"ఆరోజే అందామనుకున్నానండి. దారం కనపడకపోతే పిట్ట ఎలా తప్పుకుంటాదండి? మీ మాటకి అడ్డం చెప్పలేకపోయేనండి."

"చెప్పాల్సిందిరా."

"ఆయ్" అని తల వంచుకుని ఇంకో ముక్క కట్టాడు. తప్పు తనదే అన్నట్టుంది ఆ మొహం. నేను రిబ్బన్లు ఎందుకు వద్దన్నానో అతను అడగలేదు, నేను చెప్పలేదు. గట్టితనం కోసం కాదు. ఎర్రదారమూ, తళతళలూ నా ఫొటోకి అడ్డం పడతాయని.

ఇంటికొచ్చి, పిట్ట చిక్కుకున్న రోజు ఫొటోలు కంప్యూటర్లో తెరిచాను. వాటిలో ఒకటి ఉంది, నా జీవితంలో అంత మంచిది తీయలేదు. ప్రతి ఈకా లెక్కపెట్టుకోవచ్చు. ముక్కు చివర నీటిబొట్టు కూడా పడింది. గ్రూపులో పెడితే ఆ నీటికాకి ఆయనే ముందు దణ్ణం పెడతాడు. ఇంకా పెట్టలేదు.

రెక్క పొడుగునా ఎంత పెద్దది చేసి వెతికినా దారం కనబడలేదు. కనబడకూడదనే కొన్నాను.