నర్సయ్య తలూపిన రోజు

2024 నాటికి ఖటోదరాలో నా కంప్యూటర్ సర్వీస్ దుకాణం పెట్టి పదమూడేళ్లయింది. నాన్న రైల్వే ఉద్యోగం మీద సూరత్ వచ్చారు, రిటైరయ్యాక కూడా మేం ఇక్కడే ఉండిపోయాం. చుట్టూ బట్టల మిల్లులు, వాటిలో మన తెలుగు కార్మికులు కాబట్టి గుజరాతీ బోర్డు కింద ఒక వరస తెలుగులో కూడా రాయించాను. అది చదివే నర్సయ్య లోపలికి వచ్చాడు.

నలభై దాటిన మనిషి. సిరిసిల్ల దగ్గరి పల్లె. సూరత్ శివార్లలోని జోల్వాలో ఇరవై రెండేళ్లుగా మరమగ్గాల మీద పని. వాటిని వాళ్లు సాంచెలంటారు. రోజుకు పన్నెండు గంటలు ఆ చప్పుడులో నిలబడి చెవులు పాడయ్యాయి. ఇంకా అదే పని చేస్తే మిగిలిన కాస్త వినికిడి కూడా పోతుందని డాక్టర్ చెప్పేశాడట. ఈ సంగతి అతను నాకు పక్క దుకాణం దాకా వినబడేంత గట్టిగా చెప్పాడు.

"సాంచెలు ఇడిశి ఏం తినాలె అక్కా? అందుకే డిజైన్ పని నేర్సుకున్న. గీ లాప్‌టాప్ జర బాగుచేసియ్యి."

డిజైన్ అంటే జకార్డ్ డిజైన్. చీర అంచులో పువ్వు రావాలంటే ఏ వరసలో ఏ పోగు పైకి లేవాలో ముందే గళ్ల మీద గీసి పెట్టాలి. జకార్డ్ అనే యంత్రం ఆ గీతను చదివి పోగులు లేపుతుంది. మా వీధి చివరి నేత యూనిట్ యజమాని, సేఠ్ ఒకాయన, నర్సయ్యకు మాటిచ్చాడు. సొంతంగా గీసిన యాభై అంచులు తెచ్చి చూపిస్తే డిజైనర్ కుర్చీ ఇస్తానన్నాడు. డిజైనర్ కూర్చునేది తలుపు మూస్తే చప్పుడు రాని గదిలో.

లాప్‌టాప్ ముసలిది. కొత్త విండోస్ దాని మీద ఎక్కదు, పాతదాని నిండా వైరస్‌లు. నాకా లినక్స్ పిచ్చి. ఎవరైనా ఉచితంగా వాడుకోగల, లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ అది. దొరికిన ప్రతి పాత యంత్రంలోనూ దాన్ని పెట్టి, చచ్చినదాన్ని బతికించానని చెప్పుకు తిరిగేదాన్ని. నర్సయ్య డిజైన్ సాఫ్ట్‌వేర్ విండోస్‌కి మాత్రమే చేసింది. అయినా నేను తగ్గలేదు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద నడిపించే వైన్ అనే ఏర్పాటు ఉంది. దాన్ని కంటైనర్‌లో పెట్టాను. కంటైనర్ అంటే ఆ ప్రోగ్రాముకు విడిగా కట్టిన గది. అది ఏం రాసుకున్నా ఆ గదిలోనే రాసుకుంటుంది, మిగతా యంత్రాన్ని ముట్టుకోదు. హార్డ్ డిస్క్ తీసేసి దాని చోట వేగంగా నడిచే కొత్త ఎస్‌ఎస్‌డీ కూడా బిగించాను. సాఫ్ట్‌వేర్ తెరుచుకోగానే నర్సయ్య ముఖం చూడాలి. నేను ఆ రోజంతా నేల మీద నడవలేదు.

"సేవ్ కొడితే అదే మై డాక్యుమెంట్స్ చూపిస్తుంది నర్సన్నా. అందులోనే పెట్టండి, ఇంకేదీ కెలక్కండి" అని చెప్పాను. అతను అక్షరాలా అలాగే చేశాడు.

సెలవు దొరికినప్పుడల్లా వచ్చి గీసినవి చూపించేవాడు. తంగేడు, గునుగు, కట్ల. వాళ్ల ఊళ్లో బతుకమ్మకు పేర్చే పూలన్నీ అంచుల్లోకి తెచ్చాడు. ఎనిమిది నెలల్లో యాభై నాలుగు అయ్యాయి. సేఠ్ సోమవారం రమ్మన్నాడు. శనివారం పొద్దున నర్సయ్య నా దగ్గరికి వచ్చాడు.

"ఊకె ఆగిపోతున్నది అక్కా. సేఠ్ ముంగట గిట్లయితే ఇజ్జత్ పోతది."

అప్‌డేట్ ఏదో సగంలో ఆగి సిస్టమ్ చెడింది. ఓపిగ్గా కూర్చుంటే సరయ్యేదే. దుకాణంలో ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు, మొత్తం ఫార్మాట్ చేసి కొత్తగా వేస్తే గంటలో తేలిపోతుందనుకున్నాను. పెన్‌డ్రైవ్ పెట్టి, అతని ఫోల్డర్ తెరిచి, కనబడినవన్నీ ఎంచి కాపీ చేశాను. స్క్రీన్ చూస్తూనే అడిగాను.

"ఇవే కదా అన్నీ? డిజైన్లన్నీ ఇందులో ఉన్నాయా, చూసుకున్నారా? చెరిపేస్తున్నాను మరి."

అతను తలూపాడు. నేను ఫార్మాట్ కొట్టాను.

గంట తర్వాత పెన్‌డ్రైవ్ తెరిస్తే డాక్యుమెంట్స్‌లో పిల్లల ఫోటోలు, ఆధార్ కాపీ, రెండు పాటలు ఉన్నాయి. యాభై నాలుగు అంచుల్లో ఒక్కటీ లేదు. అప్పుడు నాకు వెలిగింది. మామూలుగా పెట్టిన వైన్ అయితే దాని మై డాక్యుమెంట్స్, బయటి డాక్యుమెంట్స్ ఒకటే. కంటైనర్‌లో పెట్టింది అలా కాదు. దాని మై డాక్యుమెంట్స్ ఆ మూసిన గదిలోనే ఉంటుంది. ఆ గది ఉండే ఫోల్డర్ పేరు చుక్కతో మొదలవుతుంది. చుక్కతో మొదలైన ఫోల్డర్‌ను లినక్స్ దాచి ఉంచుతుంది, అడిగితే తప్ప చూపించదు. కనబడినవన్నీ ఎంచినప్పుడు కనబడనిది మిగిలిపోయింది. ఈ పాఠం నేను నా దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు కుర్రాళ్లకు చెప్పి ఉన్నాను కూడా.

"కాగితాల మీద ఏమన్నా ఉన్నాయా?" అని రాసి చూపించాను. దుకాణంలో జనం ముందు అది గట్టిగా అరిచి అడగలేకపోయాను.

"ఎనమండుగురం ఒక్క రూంల ఉంటం. కాయితాలు ఏడ పెట్టుకోవాలె అక్కా?"

వరాఛాలో వజ్రాల ఆఫీసుల డిస్కులు బాగుచేసే అతని దగ్గరికి అప్పటికప్పుడు పరుగెత్తాను. పాత హార్డ్ డిస్క్ అయితే ఏమన్నా ఏరుకోవచ్చు, ఎస్‌ఎస్‌డీని ఫార్మాట్ చేస్తే అది తనను తాను తుడుచుకుంటుంది అన్నాడు. ఆ ఎస్‌ఎస్‌డీ బిగించింది నేనే.

సోమవారం నేనే వెంట వెళ్లి తప్పు నాదని సేఠ్‌కు చెప్పాను. ఆయన మంచిగానే విన్నాడు, వారం గడువిచ్చాడు. నర్సయ్య పని దిగి నేరుగా నా దుకాణానికి వచ్చి గీయడం మొదలుపెట్టాడు. ఆ వారంలో మూడు అయ్యాయి.

"పువ్వు కండ్లకు కనవడ్తది అక్కా. పోగుల లెక్కనే యాదికొస్తలేదు."

ఆ కుర్చీలో వేరే మనిషి కూర్చున్నాడు. నర్సయ్య సాంచెల మీదనే ఉండిపోయాడు.

నేను ఏడ్చాను. అబద్ధమెందుకు, ఏడుస్తూనే నాకు కావలసిన సాకు కూడా పట్టుకున్నాను. అడిగిన ప్రతివాళ్లకూ ఒకటే చెప్పేదాన్ని. నేను అడిగాను, అతను తలూపాడు. ఇంట్లో అమ్మకు చెప్పాను, పక్క దుకాణం వాళ్లకు చెప్పాను. ఏడాది పాటు ఆ ఒక్క మాట మీదే బతికాను.

మొన్న ఫోన్ స్క్రీన్ పగిలిందని నర్సయ్య వచ్చాడు. పలకరిస్తే నా నోటి వంకే చూస్తున్నాడు. ఇప్పుడు ఏమీ వినబడదట. నేను కాగితం తీసి, ఏడాదిగా కడుపులో నానుతున్నదాన్ని రాశాను. ఆ రోజు చెరిపే ముందు నేను అడిగాను, మీరు తలూపారు కదా అన్నా, అని.

చదివి కాగితం బల్ల మీద పెట్టాడు.

"అడిగినవా? నువ్వు స్క్రీన్ దిక్కు మొఖం పెట్టినవు, నాకేం తెలుస్తది? నోరు కనవడ్తెనే నాకు మాట సమజయ్యేది. సాంచెల కాడ ఎవలేమన్నా తల ఊపుడే అలవాటు అక్కా. ఊపకపోతే మళ్లమళ్ల గట్టిగ ఒర్రుతరు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఇప్పుడు నా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. కస్టమర్ తన చేత్తో పెన్‌డ్రైవ్‌లో తన ఫైలు తెరిచి చూపించేదాకా నేను ఏదీ చెరపను. అడిగే మాట మనిషి వైపు తిరిగి అడుగుతాను. ఈ పద్ధతి వల్ల ఎందరికి మేలు జరిగిందో నాకు తెలియదు, నర్సయ్యకు మాత్రం జరగలేదు.

స్క్రీన్ మార్చి ఫోన్ ఇచ్చాను. బాగుందా అని అతని వైపు తిరిగి, నోరు కనబడేలా, నెమ్మదిగా అడిగాను. అతను తలూపాడు. మాట అర్థమై ఊపాడో, ఊరికే ఊపాడో నాకు తెలియలేదు.