కుట్టుమిషను ముందు ఫ్రెంచి పాఠం

మొన్న ఖైరతాబాదు నుంచి మెట్రోలో ఇంటికి వస్తూ మా చెల్లెలితో ఫోనులో మాట్లాడుతున్నాను. ఎదురు సీటులో కూర్చున్న అబ్బాయి చెవుల్లో పెట్టుకున్న తెల్లటి బిరడాలు తీసి మరీ, "అమ్మా, జర మెల్లగ మాట్లాడుండ్రి" అన్నాడు. "నువ్వు చెవుల మూతలు తీసినంకనే గద బిడ్డా నా మాట ఎక్కువైంది, మల్ల పెట్టుకో" అని నా మాట నేను కొనసాగించాను. పక్కనున్న వాళ్ళు నవ్వారు. ఈ గొంతు తగ్గించమని నాకు చెప్పినవాళ్ళలో ఆ అబ్బాయి మొదటివాడు కాడు, తగ్గించే ఉద్దేశం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఈ గొంతే మా ఇంట్లో ఒక పిల్లను నిలబెట్టింది గనుక ఆ సంగతి నా వయసు వాళ్ళకైనా చెప్పుకోవాలనిపించింది.

మాది మగ్గాల ఊరు. మేము సాంచెలు అని పిలిచే మరమగ్గాలు ఇంటిని ఆనుకున్న కొట్టంలోనే ఆడేవి. మూడో తరగతిలో బడి మానిపించి నన్ను నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. ఆ మోతలో అరిచినా లాభం లేదు, అరుపు మోతలో కలిసిపోతుంది. అందుకని మా ఆడవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. ముందు మనిషిని పేరు పెట్టి, చివరి అక్షరం సాగదీసి పిలిచేవాళ్ళు. ఎంత మోతలోనైనా ఎవరి పేరు వాళ్ళకు వినపడుతుంది. మనిషి తలెత్తి చూశాకే, ఆ ముఖంలోకి చూస్తూ, అసలు మాట చెప్పేవాళ్ళు. పెళ్ళయి అమీర్‌పేటకు వచ్చాక మా అత్తగారు "ఇది సాంచెల కొట్టం గాదు, గొంతు తగ్గియ్యి" అని రోజూ అనేది. ఆమె అనడం మానలేదు, నేను తగ్గించడమూ లేదు. ఆ గొంతుతోనే కూరగాయల బండివాడితో బేరమాడాను, ఆ గొంతుతోనే జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్ళతో తగువు పడ్డాను, పిల్లలను పెంచాను.

మా మనవరాలికి మాత్రం ఆ గొంతు రాలేదు. పక్క గదిలోంచి మంచినీళ్ళు అడిగినా ఎవరికీ వినపడేది కాదు. ఆ పిల్ల డిగ్రీ అయ్యాక ఫ్రెంచిలో ఎమ్మే చేసి, ఆ భాష చెప్పే పంతులమ్మ కావాలని బీఎడ్‌లో చేరింది. మేముండే గల్లీ మీకు తెలియనిది కాదు. మెట్టు మెట్టుకూ ఒక కంప్యూటరు కోర్సు బోర్డు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు హాస్టళ్ళలో ఇరుక్కొని చదువుకునే చోటు. అటువంటి చోట పుట్టి పెరిగిన పిల్ల ఫ్రెంచి అంటే అందరికీ వింతే. పై అంతస్తులోని కోస్తా ఆవిడ ఒకరోజు జాకెట్టు ముక్క ఇవ్వడానికి వచ్చి, "ఏంటి పిన్నిగారూ, ఇంటి కిందే ఉద్యోగాలు నేర్పుతుంటే ఆ పిల్లకి ఫ్రెంచి ఎందుకండీ" అంది. "మీ ఇంట్ల ముగ్గురు ఆ కోర్సులే చదివిండ్రు గదమ్మా, మా ఇంటి వంతు గూడ మీరే తీర్చిండ్రు" అన్నాను. జాకెట్టు మాత్రం బాగా కుట్టి ఇచ్చాను, పని వేరు, పట్టుదల వేరు.

బీఎడ్‌లో చేరినవాళ్ళు కొన్నాళ్ళు నిజం బడికి వెళ్ళి నిజం పిల్లలకు పాఠం చెప్పాలి, వెనకాల ఒక మేడం కూర్చుని చూస్తుంది. మా పిల్లకు పంజాగుట్టలో ఒక బడిలో ఎనిమిదో తరగతి ఇచ్చారు. గదికి ఆనుకొని ప్రహరీ గోడ, గోడ అవతల రోడ్డు, బస్సుల హారన్లు. తెలుగు, ఇంగ్లీషు మాట ఒక్కటి కూడా వాడకుండా, వస్తువులు చూపిస్తూ సైగలు చేస్తూ ఫ్రెంచిలోనే చెప్పాలట. మొదటి రెండు పాఠాలకూ మేడం ఒకటే మాట రాసింది, వెనక బెంచీలకు వినపడటం లేదని. చివరి పాఠానికి బయటి కాలేజీ నుంచి పరీక్షకురాలు వస్తుంది, అప్పుడూ ఇదే తీరైతే ఫెయిలు.

మా అబ్బాయికి జాకెట్టు గుడ్డల మ్యాచింగు సెంటరు ఉంది, నెమ్మదైనవాడే, కానీ మేడం రెండోసారి అలా రాసిన రాత్రి అన్నం ముందు కూర్చొని కూతురితో, "గీసారి సుత గట్లనే అంటే ఇగ బంద్. కిందికి దిగి కోర్సుల చేరు, నాకు ఫికర్ ఉండది" అన్నాడు. పిల్ల ఏదో అంది, ఎప్పటిలాగే మాకెవరికీ వినపడలేదు. కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది.

మరునాడు నేను నా కాలితో తొక్కే కుట్టుమిషను ముందు కూర్చొని, మనవరాలిని వంటగది గోడ దగ్గర నిలబెట్టాను. "నేను తొక్కుతనే ఉంట. నీ మాట వినపడ్డప్పుడే ఆపుత" అన్నాను. నాకు ఫ్రెంచి రాదు, అర్థమైందా లేదా అన్న బాధ్యత నాది కాదు, వినపడటమే నా లెక్క. పాఠం సంత గురించి. పటాలు కొంటానంటే వద్దని, మా కూరగాయల బుట్టలోంచే టమాటాలు, బెండకాయలు, వంకాయలు ఇచ్చాను, సాయంత్రానికి తిరిగి తెమ్మన్నాను, పప్పులో పడాలి గదా. పిల్ల మొదట గొణిగింది, నేను తలెత్తలేదు. ఏడ్చింది, అప్పుడూ తొక్కుతూనే ఉన్నాను. చివరికి ఒళ్ళు మండి అరిచింది, అప్పుడు ఆపాను.

అక్కడే తప్పు జరిగింది. పరీక్షకు ముందటి పాఠానికి ఆ అరుపే పట్టుకొని బడికి వెళ్ళింది. పిల్లలు కూడా అంతకంటే గట్టిగా వంకాయ పేరు ఫ్రెంచిలో అరిచారట, పక్క గది లెక్కల మాస్టారు వచ్చి తలుపు దగ్గర నిలబడి ఇక్కడేమైనా వేలం జరుగుతోందా అని అడిగాడట. పిల్ల గొంతు బొంగురుపోయి ఇంటికి వచ్చి, "నీ మాట విన్నందుకు నానమ్మా" అంది. నేను నవ్వలేదు గాని లోపల నవ్వొచ్చింది.

అప్పుడు ఆలోచించాను. మా కొట్టంలో ఎవరూ అరిచేవాళ్ళు కాదు గదా. వెనక బెంచీ పిల్లల పేర్లేమిటని అడిగితే తెలియదంది. రేపు ముందు అవి కనుక్కో, పేరు పిలువు, ముఖం చూడు, ఆ తర్వాతే నీ టమాటా అని చెప్పాను. మళ్ళీ మిషను ముందు కూర్చున్నాం. ఈసారి నా పేరు పెట్టే పిలిచింది. మా ఇంట్లో నా పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, కాలు దానంతటదే ఆగిపోయింది.

పరీక్ష రోజు నేను ఎవరికీ చెప్పకుండా అమీర్‌పేట నుంచి నడిచి వెళ్ళాను, ఆ కాస్త దూరానికి ఆటో ఎందుకు. ప్రహరీ గోడ పక్కన గొడుగు వేసుకొని నిలబడితే కాపలా ఆయన వచ్చి, "ఎవల కోసమమ్మా" అన్నాడు. "ఎవల కోసం గాదు, ఎండకు నిలబడ్డ" అన్నాను. గొడుగు వైపు చూసి మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు. బస్సులు పోతున్నాయి, ఎవరో స్కూటరు స్టార్టు కాక తన్నుతున్నాడు. చాలాసేపు ఏమీ వినపడలేదు. నా కాళ్ళు పట్టేశాయి, మా అబ్బాయి ముఖం కళ్ళ ముందు తిరిగింది. అంతలో గోడ మీదుగా ఒక పేరు వచ్చింది, ఎవరో ఆడపిల్ల పేరు, చివర సాగదీసి. కాస్త ఆగి ఏదో ఫ్రెంచి మాట. వెంటనే ఒక సన్నటి గొంతు జవాబిచ్చింది. ఆ తర్వాత ఇంకో పేరు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒక్క ముక్క వినపడకుండా పోలేదు. గంట కొట్టకముందే ఇంటికి బయల్దేరాను.

మనవరాలు పాసైంది. గొంతులో ఇంకా మృదుత్వం ఉండాలని పరీక్షకురాలు అందట. అననీ. వెనక బెంచీ జవాబు చెప్పింది గదా. మా అబ్బాయి ఆ సాయంత్రం పప్పు రెండుసార్లు వేయించుకున్నాడు, కోర్సు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు దానికి బంజారా హిల్స్ వైపు పెద్ద బడిలో ఉద్యోగం. ఊళ్ళో మా కొట్టం పడగొట్టి సాంచెలను ఇనుప సామానుకు అమ్మేశారు, అక్కడ ఇప్పుడు ఎవరు ఎంత మెల్లగా మాట్లాడినా వినపడుతుంది. ఈ ఏడు బడివాళ్ళు టీచర్లందరికీ నడుముకు కట్టుకునే చిన్న మైకు ఇచ్చారు. గొంతు పాడవకుండా మంచిదే, నేను కాదనను. పిల్ల దాన్ని నా ముందు పెట్టి, ఇప్పుడు ఎవరినీ పిలిచి చెప్పనక్కర్లేదు నానమ్మా, అందరికీ ఒకేసారి వినపడుతుంది అంది. నేను సూదిలో దారం ఎక్కిస్తూ, వెనక బెంచీలో కిటికీ పక్కన కూర్చునే పిల్ల పేరేమిటని అడిగాను. చెప్పింది. కానీ కాసేపు ఆలోచించి చెప్పింది.