ఎర్ర కుళాయికి కట్టిన మువ్వలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎర్ర గుర్తున్న కుళాయిలో చల్లటి నీళ్ళు వచ్చేవి, నీలం గుర్తున్నదాంట్లో వేడినీళ్ళు. లోకమంతటా అంతేననుకునేదాన్ని. మేముండేది దోహాలో, ఉమ్ ఘువైలినాలోని ఒక పాత మేడలో. దాని మీది ట్యాంకు ఎండాకాలమంతా పొయ్యి మీద గిన్నెలా కాగిపోయేది. అందుకే ఎండలు ముదరగానే ఇంటింటా హీటరు ఆపేసేవారు. ఆ హీటరులో నిలవున్న నీళ్ళు ఇంటి ఏసీ చలవకి కాస్త చల్లబడి, ఎర్ర కుళాయిలోంచి వచ్చేవి. కళ్ళలో సబ్బు పడినా సరే, కళ్ళు మూసుకునే నా చెయ్యి ఆ కుళాయిని వెతుక్కునేది.

చిక్కంతా చలికాలం మొదట్లో వచ్చేది. హీటరు వెయ్యగానే కుళాయిలు రెండూ తారుమారు. ఆ సంగతి మా నాన్నగారికి నోటికి తెలుసుగాని చేతికి తెలియదు. ఏటా ఎర్ర కుళాయి తిప్పి, చుర్రుమనగానే గెంతి, హీటరుని మనిషిని తిట్టినట్టు తిట్టేవారు. నేను పడీ పడీ నవ్వేదాన్ని.

ఆ ఏడు మాత్రం అది నవ్వులాట కాదు. మా తమ్ముడు అప్పుడే పుట్టాడు. గోదావరి దగ్గరి మా ఊరినుంచి అమ్మమ్మ వద్దామంటే వీసా రాలేదు. పక్కింటి అక్కే రోజూ వచ్చి వాడికి నీళ్ళు పోసేది. ఆవిడది జగిత్యాల వైపు. మెట్ల కిందికి వినిపించే నవ్వు ఆవిడది. పసివాణ్ణి ఎత్తుకోవడానికే జంకే నాన్నగారికి, ఆవిడ పోస్తుంటే చూసి చూసి ముచ్చటేసినట్టుంది. ఈ శుక్రవారం సెలవు కదా, నేనే పోస్తానన్నారు. సరిగ్గా గురువారం చలిగాలి దిగింది. హీటరు వెయ్యక తప్పదు. నాన్నగారి చెయ్యి సంగతి తెలిసిన అమ్మకి గుండెల్లో రాయి పడింది. నువ్వే పోసెయ్యమ్మా అని అక్కని బతిమాలింది.

"అట్లెట్ల వదినె! అన్న ఇంత ముచ్చట పడుతుంటె. ఆయననే పొయ్యనీ. నేను జేస్త ఉపాయం," అంది అక్క.

ఆ సాయంత్రం కొంగు దోపుకుని వచ్చి, నన్ను వెంటబెట్టుకుని పని మొదలుపెట్టింది. హీటరు అడుగున పేరుకున్న తుప్పునీళ్ళు వదిలేసింది. మళ్ళీ నిండి, ఎర్ర కుళాయిలో ధార తెగకుండా వచ్చేదాకా స్విచ్ జోలికి పోనివ్వలేదు. ఖాళీ హీటరు వేస్తే మాడిపోతుందట. గొట్టాల అతుకులన్నీ పొడిగుడ్డతో తుడిచి, తడి తగులుతోందేమో నన్ను చూడమంది. నేను పెద్ద ఆఫీసరులా ప్రతి అతుకూ తడిమి, లేదు లేదని చెప్పుకుంటూ పోయాను.

అప్పుడు నన్నో వస్తువు అడిగింది. నా కాలిపట్టీల్లో ఒకటి కార్నిష్ సముద్రపొడ్డున ఇసుకలో పోయింది. రెండోది మువ్వలతో సహా బీరువాలో ఉంది. దాన్ని తెచ్చిస్తే ఎర్ర కుళాయి పిడికి చుట్టి, దారంతో ముడేసింది. కుళాయికి పట్టీ ఏమిటని నేను నవ్వుతుంటే నా నెత్తి మీద చిన్నగా మొట్టింది.

"తెల్వనోనికి నోటితోని చెప్తె సాలు బిడ్డా. అలవాటు పడ్డ చెయ్యి మాట ఇనది. దానికి సప్పుడు గావాలె."

శుక్రవారం పొద్దున నాన్నగారు లుంగీ ఎగ్గట్టి పీట మీద కూర్చుని కాళ్ళు చాపారు. అక్క తమ్ముణ్ణి తెచ్చి ఆ కాళ్ళ మీద పడుకోబెట్టింది. బకెట్లో మోచేయి ముంచి చూసే ఉద్యోగం నాది. కాస్త వేడిగా ఉన్నాయన్నాను. చల్లనీళ్ళు కలుపుదామని నాన్నగారి చెయ్యి లేచింది. నేరుగా ఎర్ర కుళాయి మీదికే వెళ్ళింది. గుమ్మంలోంచి అమ్మ ఒక అడుగు ముందుకేసింది.

ఘల్లుమంది.

నాన్నగారి చెయ్యి అక్కడే ఆగిపోయింది. కుళాయి వంకా, మా వంకా చూసి, "బాబోయ్, మళ్ళీ దాని దగ్గరికే పోయిందే!" అన్నారు. అక్క నవ్వు మెట్ల కిందికి కాదు, వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. అమ్మకి కళ్ళనీళ్ళూ నవ్వూ కలిసే వచ్చాయి. నాన్నగారు నీలం కుళాయి తిప్పి, నా మోచేయి సరేనన్నాక, ఒక్కో చెంబే ఎంత నెమ్మదిగా పోశారో! తమ్ముడు ఏడవలేదు సరికదా, హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

ఇప్పుడు నేనూ అమ్మమ్మనయ్యాను. కూతురి పురుడికని వచ్చి, దోహా పక్కనే అల్ రయ్యాన్‌లో వాళ్ళింట్లో ఉన్నాను. మా అమ్మమ్మకి రాని వీసా నాకు వచ్చింది. ఇక్కడ రెండు కుళాయిలు లేవు. ఒకటే పిడి, ఇటు తిప్పితే వేడినీళ్ళు, అటు తిప్పితే చల్లనీళ్ళు. మొన్న హీటరు వేసిన రోజున నా పెట్టెలోంచి ఆ పాత పట్టీ తీసి ఆ పిడికే చుట్టాను. ఎటు తిప్పబోయినా ముందు ఘల్లుమని చేతిని హెచ్చరిస్తుంది. "ఇదేంటత్తయ్యా?" అని అల్లుడు నవ్వాడు. రేపు పాపాయికి తనే నీళ్ళు పోస్తానని సరదా పడుతున్నాడు. పొయ్యనీ. వద్దని నేనెందుకంటాను? నాన్నగారి చేతిని ఆపిన మువ్వలు ఇంకా మోగుతూనే ఉన్నాయి, నాకు మోచేయీ ఉంది.