కంకిపాడు దాకా తగువు

కంకిపాడు నుంచి కాలవగట్టు మీదుగా లోపలికి వస్తే డొంక చివర మా ఇళ్లు. మొత్తం నాలుగు. చుట్టూ వరి. ఒకదానికి ఎప్పుడూ తాళమే, ఇంకోదాంట్లో ధాన్యం బస్తాలు పెడతారు. మనుషులున్నవి మాదీ, మా పెదనాన్నదీ. ఆయన నాన్నకి పెత్తండ్రి కొడుకు. ఆ రెండిళ్ల మధ్యా చాలా ఏళ్లు మాటల్లేవు.

కారణం తూము. పంటకాలవ నుంచి రెండు చేలకీ ఒకే తూము గుండా నీళ్లు రావాలి. ఒక ఏడు నాట్లప్పుడు, మా వంతు రోజున పెదనాన్న మా వైపు దాన్ని మూసేసి నీళ్లు తన చేలోకి పెట్టుకున్నాడని నాన్న అన్నాడు. నేను మూయలేదని ఆయన అన్నాడు. నాన్న పోయాక కూడా అమ్మ ఆ పంతం వదల్లేదు. చేను కౌలుకివ్వకుండా, నాన్న మోపెడ్ నడపడం నేర్చుకుని, వ్యవసాయం తనే చేయించుకునేది. నేను విజయవాడలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు వచ్చేదాన్ని. పెదనాన్న ఎదురైతే నేను పలకరించేదాన్ని. అమ్మ అటు తిరిగి నిలబడేది.

కోతలైన రోజుల్లో ఒక సాయంత్రం కూలీలు ఆటో ఎక్కి వెళ్లిపోయాక, పెదనాన్న ఒక్కడే మిగిలిన వరిపనలు ఎత్తుతుంటే కింద నుంచి తాచు కాటేసింది. పెద్దమ్మ మైలవరంలో చెల్లెలింటికి వెళ్లింది. ఆయన గట్టు మీద కూలబడి కేక వేశాడు. వినడానికి అమ్మ తప్ప ఎవరూ లేరు.

ముందు రోజు వాన పడి డొంకంతా బురద. అంబులెన్సు లోపలికి రాదు. అమ్మ మోపెడ్ తీసి, ఆయన్ని వెనక కూర్చోబెట్టి, పడిపోకుండా దండెం మీది తన చీర తెచ్చి ఇద్దరి నడుములకీ కలిపి కట్టింది.

దారిలో జరిగింది నాకు ఇద్దరూ వేర్వేరుగా చెప్పారు. మాటలు మాత్రం కలిశాయి.

కాలవగట్టు ఎక్కేసరికే ఆయన తల ఆమె వీపు మీదికి వాలిపోతోంది. పాము కరిచిన మనిషిని నిద్రపోనివ్వకూడదని మా వైపు అంటారు. అమ్మ పిల్లల గురించి అడిగింది, పంట గురించి అడిగింది. ఆయన పలకలేదు. అప్పుడు అంది:

“బావగారూ, ఆ ఏడు తూము మూసింది మీరే కదండీ?”

తల లేచింది. “నేను కాదమ్మాయ్.”

“మరి మీ చేలో నీళ్లెలా ఉన్నాయండీ?”

“నా చేను పల్లం. ఎన్నిసార్లు చెప్పాలి?”

“మాకెప్పుడు చెప్పారు?”

నాలుక మందమై ఆయన మాట ముద్దగా వస్తున్నా ఆమె ఊరుకోలేదు. అబద్ధమంది. పెద్దమనుషులు పిలిస్తే ఎందుకు రాలేదంది. తన భర్తని ఏడిపించారంది. ఆయన ప్రతిదానికీ జవాబిచ్చాడు. కంకిపాడు ఆస్పత్రి దగ్గర ముడి బిగుసుకుపోయి ఊడకపోతే, నర్సు కత్తెర తెచ్చి చీర కోసింది.

కబురు తెలిసి నేను బస్సు దిగి వెళ్లేసరికి ఆయనకి సెలైన్ ఎక్కుతోంది. అమ్మ బయట బల్ల మీద కూర్చుని ఉంది, మోకాళ్ల దాకా బురద. ప్రాణానికి భయం లేదని డాక్టరుగారు చెప్పాక కూడా లేవలేదు.

“నిజంగానే ఆయన చేను పల్లమేమో” అంది.

పెదనాన్న కోలుకున్నాడు. కాటు పడ్డ కాలి వేళ్లు ఇప్పటికీ సరిగా వంగవు. ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం మొదలైంది, ఎక్కువగా గట్టు మీద నిలబడి, కాస్త గొంతు పెంచి. సఖ్యత అని నేను అనలేను.

ఈ మధ్య ఎవరో గన్నవరం నుంచి కారులో వచ్చి, మా చేను లీజుకిస్తే చేపల చెరువు తవ్వుకుంటామని అడిగారు. అమ్మ వాళ్లకి మంచినీళ్లిచ్చి, మా బావగారిని అడిగి చెబుతానండీ అంది. ఆయన ఏం చెప్పాడో నేను అడగలేదు. ప్రస్తుతం చేలో మినుము ఉంది.