మా అమ్మ తడిమి చూసిన పుస్తకం

మా అమ్మ మంగమ్మకు ఎవరి మీదా నమ్మకం లేదు. సంతలో ఉప్పు ప్యాకెట్టు కొన్నా అక్కడే విప్పి నాలుక మీద వేసుకుంటుంది. పాల్వంచలో షిఫ్టు దిగి నేను ఆలస్యంగా వస్తే, బస్సు నిజంగానే చెడిపోయిందా అని నాతోపాటు దిగినవాణ్ని ఆపి అడుగుతుంది. అన్నిటికన్నా కాగితమంటే ఎక్కువ అనుమానం. ఎప్పుడో వాళ్ల నాన్న చేత ఎవరో పెద్దమనిషి కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ తర్వాత వాగు పక్క చెలక భూమి వాళ్లది కాకుండా పోయింది. మా లంబాడీ తండాలోకి కాగితం వచ్చిందంటే భూమి బయటికి పోతుందని అమ్మ లెక్క.

అలాంటి మనిషి ఉన్న ఇంటికి పున్నమ్మ టీచర్ పెట్టెడు కథల పుస్తకాలు పట్టుకొచ్చింది. ఆమెది రోడ్డు మీది ఊరు. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వ్యవసాయంలో స్థిరపడ్డారు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేకపోయింది. చిన్నప్పుడే పుస్తకం రుచి తగిలితే పిల్లలు జన్మలో వదలరని ఆమె గట్టి నమ్మకం. పెట్టె మా వసారాలో పెట్టి, మూడో తరగతి చదివే నా కూతురు సంగీతకు తాళం ఇచ్చింది.

ఆమె అటు వెళ్లగానే అమ్మ మొదలుపెట్టింది. "ఊకెనే ఇస్తదా? ఊకెనే ఎవ్వరియ్యరు. ఆ బుక్కులల్ల ఏమున్నదో నాకు తెల్వాలె."

అమ్మకు చదవడం రాదు. అందుకని ఓ షరతు పెట్టింది. ఏ పుస్తకమైనా సరే, పొద్దు గూకే వేళ సంగీత తనకు పైకి చదివి వినిపించాలి, ఒక్క ముక్క వదలకుండా. ఇంట్లో మాది లంబాడీ మాట, పుస్తకం ముందు కూర్చుంటే మాత్రం తెలుగే. మొదట్లో పిల్లకు నోరు తిరిగేది కాదు. అయినా అమ్మ వదిలేది కాదు. కథలో నక్క తియ్యగా మాట్లాడితే "అది గట్లెందుకన్నది? దానికేం గావాలె?" అనేది. రాజు పేదవాడికి ఊరు రాసిస్తే "కాగితం మీద ఎవల పేరు రాసిండ్రో సూడు" అనేది. సంగీత వెనక్కి తిప్పి వెతికి చెప్పేది. ఈ పోలీసు విచారణ వినడానికి పక్కింటి పిల్లలూ చేరారు. వాళ్లకూ ప్రశ్నలు పడ్డాయి. నాకు నవ్వొచ్చేది గానీ, నా కూతురు అన్నం తింటూ కూడా చదవడం మొదలుపెట్టింది.

మొన్నామధ్య ఓ ముసలమ్మ, ఆమె మనవరాలు, వాళ్ల మేకల కథ నడుస్తోంది. చదువుతుంటే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. నిన్నటి ముసల్ది ఏది? మేకల కాడ పిల్ల ఒక్కతే ఎందుకున్నది?"

సంగీత గబగబా ముందుకు చదవబోయింది. అమ్మ పుస్తకం లాక్కుని ఒక్కో పేజీ వేళ్ల మధ్య తడిమింది. ఎండాకాలమంతా అడవిలో బీడీల తునికాకు కోసి కట్టలు కట్టే వేళ్లవి. రెండాకులు అతుక్కుంటే చూడకుండానే పట్టేస్తాయి. ఒకచోట ఆగింది.

"ఇవి రెండు పేజీలు. దీంట్ల ఏందో దాసిండ్రు!"

అంతే, తండా పెద్ద రూప్‌సింగ్ నాయక్‌ని పిలిచింది. పున్నమ్మ టీచర్‌ని రప్పించింది. మా వాకిట్లోనే పంచాయితీ. మా వాళ్లలో ప్రతి ఇంటికీ ఓ కాగితం కథ ఉంది, అనుమానం జల్దీ అంటుకుంది. మోసం తేలితే పెట్టె తండాలో ఉండొద్దన్నాడు నాయక్. సంగీత వెళ్లి ఆ పెట్టె మీద కూర్చుంది. దిగమంటే దిగలేదు.

"నాకేం తెలీదు మంగమ్మా. ఇచ్చేటప్పుడు బాగానే ఉంది," అంటూ టీచర్ పుస్తకం అందుకోబోయింది.

"ముట్టకు పంతులమ్మా!"

అమ్మ వేళ్లు నీళ్లలో ముంచి తనే మెల్లగా విప్పింది. పేజీల మధ్య తుమ్మ బంక సాగింది. మా ఇంటి గూట్లో ఉండే బంకే అది. ఇది మా ఇంట్లోవాళ్ల పనేనని నాకు అప్పుడే అర్థమైంది.

"సదువు," అంది అమ్మ. సంగీత తల అడ్డంగా ఊపింది.

"సూసిండ్రా? చెప్పొద్దని పంతులమ్మ పిల్లతోని మాట తీస్కున్నది!"

నేను చదువుతానని లేచాను. "నువ్ కూసో. నువ్ కలిపి చెప్తవ్," అంది, కన్నకొడుకునని కూడా చూడకుండా.

సంగీత ఒక్కసారిగా ఏడ్చేసింది. "నేనే అతికిచ్చిన! దాంట్ల ముసలమ్మ చచ్చిపోతది నానమ్మా. నీకు సదివి ఇనిపియ్యబుద్ధి కాలే."

అమ్మ మనవరాలి మొహంలోకి ఇంకా అనుమానంగానే చూసింది.

"పంతులమ్మ చెప్పిందా అతికియ్యమని?"

"లే."

"మీ నాయిన?"

"లే. నేనే."

అమ్మ పేజీని కొంగుతో అద్ది, పుస్తకం దాని ఒళ్లో పెట్టింది. "అయితే సదువు."

సంగీత ముక్కు ఎగబీలుస్తూ చదివింది. కథలో ముసలమ్మ చచ్చిపోయింది. తడికి అక్షరాలు అలుక్కుపోయినచోట టీచర్ అందించింది, అమ్మ అడ్డు చెప్పలేదు.

"తెల్లారి ఆ పిల్ల మేకలను ఇడిసిందా, కట్టేసిందా?"

"ఇడిసింది నానమ్మా. వాగు దాకా తోల్కపోయింది."

"మంచి పని చేసింది," అంది అమ్మ. టీచర్ వైపు తిరిగింది. "ఇంకో బుక్కు తే పంతులమ్మా. పేజీలు తడిమినంకనే తీస్కుంట."

తర్వాత సంగీతను దగ్గరికి లాక్కుని మొహం తుడిచింది. ఆ గొంతులో మెత్తదనం నేనెప్పుడూ వినలేదు.

"ఇంక ఏదీ అతికియ్యకు బిడ్డా. నేను పోయినంక గూడ పొద్దు గూకంగనే బుక్కు తీసి సదువు. పేజీ ఎగ్గొట్టినవో, నాకు తెలుస్తది."