నిలబడి చూసేవాళ్లు

డ్రిల్లు మాస్టారికి లోకంలో గిట్టనిది ఒక్కటే: నిలబడి చూసేవాళ్లు. స్వాతంత్ర్య దినం ఊరేగింపులో రోడ్డు పక్కన ఎవరు కనబడ్డా ఈల ఊది, రెక్క పుచ్చుకుని వరసలో నిలబెట్టేసేవారు. ఒక ఏడు సగం గడ్డంతో ఒకాయనా, కత్తి పట్టుకుని మంగలీ ఒకే వరసలో నడిచారు. దారి అడుగుదామని బస్సు దిగిన పరాయివాడొకడు ఊరంతా నడిచి, ఇక ఇక్కడే పెళ్లి చేసుకుని స్థిరపడిపోయాడు.

"అందరం నడిస్తే చూసేదెవరండీ?" అన్నాడు టీకొట్టాయన.

"చూడ్డానికిదేమన్నా సర్కసా? ఎత్తు కాలు!"

ఈ ఏడు లేతు మెకానిక్కు మాత్రం నడవనని ఒట్టు పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు ఊరి జెండా కుట్టిన వాళ్లమ్మ తుంటి విరిగి మంచాన పడితే, ఎనిమిది నెలల్లో పక్కింటి పిన్ని తప్ప ఒక్క పురుగు తొంగిచూడలేదు. అందుకే కొట్టు షట్టరు దించుకుని లోపల కూర్చున్నాడు. షట్టరు దడదడలాడింది.

"బయటికి రారా!"

"ఈ ఊరు నాకేమీ కాదు మాస్టారూ!"

"మరీ మంచిది. ముందు వరసలో నడు."

నోరు తెరిచేలోపు జెండా కర్ర చేతిలో పడింది.

ఎప్పుడూ తిన్నగా పోయే కూడలి దగ్గర ఈల మోగింది. "ఎడమకి!"

 ఎడమన ఉన్నది మెకానిక్కు ఇల్లున్న సందు. "మాస్టారూ, చివర గోదాము గోడండీ!"

"తెలుసు, పద."

ముందువాళ్లు గోడకు కొట్టుకున్నారు. వెనకవాళ్లు తోస్తూనే ఉన్నారు. పెద్ద డోలు కరెంటు స్తంభానికీ మెట్లకీ మధ్య ఇరుక్కుపోయినా, డోలాయన వాయిస్తూనే ఉన్నాడు. మెకానిక్కు తల తిప్పి కొయ్యబారిపోయాడు. పొద్దున గోడవారనున్న అమ్మ మంచం కిటికీ దగ్గరుంది! నాలుగు దిళ్లకానుకుని అమ్మ నోరు వెళ్లబెట్టి చూస్తోంది. వెనక పక్కింటి పిన్ని ముసిముసిగా నవ్వుతోంది.

"చూసేవాళ్లు ఉండకూడదన్నారుగా?" అన్నాడు మెకానిక్కు.

"నడవగలిగినవాళ్లు ఉండకూడదన్నాన్రా." మాస్టారు ఈల నలుపుతూ గొంతు తగ్గించారు. "ఇన్నాళ్లూ మీ అమ్మని పలకరించలేదు. ఒక్కణ్నే రావడానికి మొహం చెల్లలేదు. అందుకని ఊరిని వెంటేసుకొచ్చా."

"మాస్టారూ!" కిటికీలోంచి అమ్మ కేకేసింది. "ఆ జెండా కుట్టిందెవరు? అంచు వంకర! మీ మూడో వరసా వంకరే!"

మాస్టారి వరసకు వంక పెట్టినవాళ్లు ఆనాటిదాకా పుట్టలేదు. డోలు ఆగింది. ఈల జారి కిందపడింది.

"సూదీ దారం తేరా," అంది అమ్మ కొడుకుతో.

కిటికీలోంచి జెండా లోపలికెళ్లింది. ఆవిడ అంచు విప్పి మళ్లీ కుట్టేదాకా ఊరంతా కిక్కురుమనకుండా నిలబడి చూసింది. అందరికన్నా ముందు, కిటికీ ఊచలు పట్టుకుని, డ్రిల్లు మాస్టారు.